ఆ పాలు బిడ్డ హక్కు, ఆ బాధ్యత ఇంటిల్లిపాదిదీ

సకల స్తోత్రాలకు అర్హుడు అల్లాహ్. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబంపై, సహచరులపై శాంతీ శుభాలూ కురియుగాక.

బిడ్డ భూమ్మీద పడకముందే దాని ఉపాధిని సిద్ధం చేసి ఉంచిన పోషకుడు మన ప్రభువు. పళ్ళు లేని నోటికి, ఇంకా బలపడని పేగులకు సరిపోయే ఆహారాన్ని తల్లి రొమ్ములోనే అమర్చాడు. అది వేడి చేయనక్కర్లేదు, వడకట్టనక్కర్లేదు, డబ్బు పెట్టి కొననక్కర్లేదు. ఇంతటి అనుగ్రహం గురించి మన మసీదు ప్రసంగాలలో ఎన్నిసార్లు విన్నాం? ఇది ఆడవాళ్ళ మాట అని పక్కన పెట్టేశాం. దివ్య ఖుర్ఆన్ మాత్రం పక్కన పెట్టలేదు. అందుకే ఈ నెల ఈ విషయాన్ని ఆడవాళ్ళతో పాటు మగవాళ్ళ ముందు కూడా పెడుతున్నాం.

ఆదేశం ఎవరికి?

రెండవ సూరా బఖరా 233వ ఆయత్‌ను శ్రద్ధగా చదవండి. పాలు తాగే గడువును పూర్తి చేయదలచుకుంటే తల్లులు బిడ్డకు రెండు సంవత్సరాలు నిండుగా పాలివ్వాలన్నది అందులో మొదటి మాట. మనలో చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ వెంటనే ఆయత్ తండ్రి వైపు తిరుగుతుంది. ఆ తల్లి తిండీ బట్టా ధర్మసమ్మతంగా చూడవలసినవాడు అతనే. శక్తికి మించిన భారం ఎవరిపైనా మోపరాదు. బిడ్డ మూలంగా తల్లిని బాధించరాదు, తండ్రినీ బాధించరాదు. తండ్రి లేకపోతే అతని వారసులపై కూడా అదే బాధ్యత ఉంది. ముందుగా పాలు మాన్పించాలంటే ఇద్దరూ సంప్రదించుకుని, ఇద్దరూ ఇష్టపడి చేయాలి.

గమనించారా? పాలిచ్చేది ఒక్కరే. ఆ పాలు సాగేలా చూడవలసింది మాత్రం ఇల్లంతా. ఆకలితో, భయంతో, నిద్ర లేమితో, సూటిపోటి మాటలతో నలిగిపోయే తల్లికి పాలు తగ్గితే ఆ తప్పు ఆమెది కాదు. ఆమెను అలా ఉంచిన ఇంటివారు ఆ ఆయత్ రెండో భాగాన్ని మరిచారన్నమాట.

'పాలు పడలేదు' అనే మాట

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా, అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల అడవి అంచు వరకు ఏ ఇంటి బాలింతను కదిపినా ఒక మాట వినిపిస్తుంది: "మొదటి రెండు రోజులు పాలు పడలేదండీ, అందుకే డబ్బా పాలు పట్టాం." ఈ మాట వెనుక ఉన్న అపోహను తొలగించాలి.

కాన్పు అయిన వెంటనే తల్లి రొమ్ములో ఉండేవి ముర్రుపాలు. పసుపు రంగులో, చిక్కగా, చుక్కలు చుక్కలుగా వస్తాయి. మొదటి రోజు బిడ్డ కడుపు గోళీకాయంత. ఆ కడుపుకు ఆ చుక్కలే చాలు. వ్యాధులను ఎదుర్కొనే శక్తి వాటిలో మెండుగా ఉంటుంది. అసలైన పాలధార రెండు నుంచి నాలుగు రోజుల్లో దిగుతుంది. సిజేరియన్ అయిన తల్లికి మరికాస్త ఆలస్యం కావచ్చు. ఈ లోపు 'పాలు లేవు' అని డబ్బా పాలు పడితే బిడ్డ కడుపు నిండి రొమ్ము చీకదు. బిడ్డ చీకకపోతే ఆ శరీరానికి పాలు తయారు చేయమనే కబురు అందదు. అలా లేని కొరతను మనమే తెచ్చిపెడతాం.

పుట్టిన గంట లోపే బిడ్డను రొమ్ముకు అందించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పులు దాదాపు అన్నీ ఆసుపత్రుల్లోనే జరిగాయి. అయినా గంట లోపు తల్లిపాలు అందిన పిల్లలు వందకు నలభై మంది కూడా లేరు. వంద కాన్పుల్లో అరవై సిజేరియన్లు. ఆసుపత్రి గడప దాకా వెళ్ళగలిగిన మనం ఆ తొలి గంటను మాత్రం కాపాడుకోలేకపోయాం.

తహ్నీక్ సున్నత్ ప్రస్తావన కూడా ఇక్కడ అవసరం. మెత్తగా చేసిన ఖర్జూరాన్ని బిడ్డ అంగిలికి తాకించడం శుభాన్ని కోరి చేసే పని. అది కడుపు నింపడానికి చేసేది కాదు. దాని పేరుతో పంచదార నీళ్ళు, గ్రైప్ వాటర్, తేనె పట్టడం సరికాదు. ఏడాది లోపు పిల్లలకు తేనె ప్రమాదకరమని వైద్యులు స్పష్టంగా హెచ్చరిస్తున్నారు. తహ్నీక్‌ను ఆ చిన్న స్పర్శతోనే ముగించి, బిడ్డను వెంటనే తల్లి గుండె మీద పడుకోబెట్టండి.

బిడ్డ ఒకచోట, తల్లి ఒకచోట

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను, బరువు తక్కువ బిడ్డను నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో పెట్టెలో ఉంచుతారు. తల్లి వేరే వార్డులో మంచం మీద ఉంటుంది. ఒక్కోసారి తల్లి ఒక ఊళ్ళో, బిడ్డ మరో ఊళ్ళో. చర్ల అవతలి పల్లె నుంచి వచ్చిన తల్లికి భద్రాచలమే దూరం. అక్కడి నుంచి బిడ్డను ఖమ్మానికో వరంగల్‌కో పంపితే ఆమెకు అది మరో లోకం.

ఇక్కడ హజ్రత్ మూసా (అలై) తల్లిని గుర్తు చేసుకోండి. ఖసస్ సూరాలో ఆ వృత్తాంతం ఉంది. బిడ్డకు పాలివ్వమని, ప్రాణభయం కలిగినప్పుడు నదిలో వదలమని అల్లాహ్ ఆమె మనసులో వేశాడు. బిడ్డ ఫిరౌను రాజభవనానికి చేరాడు. ఎంతమంది దాదులు వచ్చినా వారి పాలు ఆ బిడ్డ ముట్టలేదు. చివరకు అక్క చూపిన దారిన తల్లి ఒడికే తిరిగి చేరాడు. ఆమె కళ్ళు చల్లబడాలని, ఆమె దుఃఖించకూడదని అలా చేశానని అల్లాహ్ తెలియజేశాడు. సృష్టికర్త ఒక బాలింత కన్నీటిని లెక్కలోకి తీసుకున్నాడు. మరి మన ఇళ్ళలో?

బిడ్డ దూరంగా ఉన్న తల్లి చేయవలసిన పని ఒక్కటే. బిడ్డ తిరిగి ఒడికి వచ్చేదాకా పాలను ఆగనివ్వకూడదు. అందుకు మార్గం పాలు పిండడం. కాన్పు అయిన ఆరు గంటల లోపే మొదలుపెట్టాలి. రెండు మూడు గంటలకు ఒకసారి, ఇరవై నాలుగు గంటల్లో కనీసం ఎనిమిది సార్లు పిండాలి. రాత్రిపూట కనీసం ఒకసారి తప్పకూడదు, ఎందుకంటే పాలను తయారు చేయించే హార్మోను రాత్రివేళ ఎక్కువగా ఉంటుంది. రొమ్ము ఖాళీ అయిన కొద్దీ కొత్త పాలు ఊరతాయి. నిండుగా వదిలేస్తే ఊట తగ్గుతుంది. ఊటబావి కూడా అంతే కదా, తోడేకొద్దీ ఊరుతుంది.

చేత్తో పిండే విధానం కష్టమేమీ కాదు. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గోరువెచ్చని తడిగుడ్డతో కాపి, రొమ్మును మెల్లగా నిమరాలి. చనుమొన చుట్టూ ఉన్న నల్లని వలయం అంచున బొటనవేలు పైన, మిగతా వేళ్ళు కింద ఉంచాలి. ముందుగా ఛాతీ వైపు నొక్కి, తర్వాత వేళ్ళను దగ్గరకు తెచ్చి వదలాలి. చర్మం మీద వేళ్ళు జారకూడదు. చనుమొనను లాగకూడదు. ధార తగ్గగానే రెండో వైపుకు మారాలి, మళ్ళీ మొదటి వైపుకు రావాలి. మొత్తం ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. తొలి రోజుల్లో చెంచాడు కూడా రాకపోవచ్చు. అది ఓటమి కాదు. ఆ చెంచాడే పెట్టెలోని బిడ్డకు మందు.

స్థోమత ఉన్నవారు పాలు తీసే పంపు వాడవచ్చు. చేతి పంపు, కరెంటు పంపు రెండూ దొరుకుతున్నాయి. రొమ్ముకు అమర్చే గరాటు సరైన కొలతలో ఉండాలి. నొప్పి పుడుతుంటే కొలత తప్పిందని గాని, లాగుడు ఎక్కువైందని గాని అర్థం. పాలు తగ్గిన తల్లి రోజులో ఒక గంట ఇలా కేటాయించుకోవచ్చు: ఇరవై నిమిషాలు పంపు, పది నిమిషాలు విరామం, మళ్ళీ పది నిమిషాలు పంపు, పది విరామం, పది పంపు. బిడ్డ ఎదిగే దశలో పదేపదే రొమ్ము అడుగుతుందే, దానికి ఇది అనుకరణ. కొన్ని రోజులు ఓపికగా చేస్తేనే ఫలితం తెలుస్తుంది. డాక్టర్లు అనుమతిస్తే బిడ్డను బట్టలు అడ్డం లేకుండా తల్లి గుండెకు హత్తుకుని ఉంచడం పాలు పెరగడానికి ఎంతో తోడ్పడుతుంది. తల్లి అలసిపోతే తండ్రి కూడా బిడ్డను అలా గుండెకు హత్తుకుని వెచ్చగా ఉంచవచ్చు.

పిండిన పాలను మూత ఉన్న శుభ్రమైన పాత్రలో పెట్టి, తేదీ, వేళ రాసుకోవాలి. ఇరవై అయిదు డిగ్రీల లోపు చల్లదనంలో నాలుగు గంటలు నిలుస్తాయి. కొత్తగూడెం, భద్రాచలం ఎండాకాలంలో ఆ చల్లదనం ఎక్కడిది? అందువల్ల వేసవిలో వెంటనే పట్టడమో ఫ్రిజ్‌లో పెట్టడమో చేయాలి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కోసమైతే ఫ్రిజ్ లోపలి భాగంలో నాలుగు రోజుల దాకా ఉంచవచ్చంటారు గాని, కరెంటు పోతూ ఉండే ఊళ్ళలో ఒక రోజులోపే వాడటం మేలు. ఆసుపత్రిలో ఉన్న బిడ్డ విషయంలో నర్సు చెప్పినట్టే చేయాలి. చల్లని పాలను పొయ్యి మీద కాచకూడదు. గిన్నెడు వేడినీళ్ళలో ఆ పాత్రను ఉంచితే చాలు. పట్టడానికి సీసా కంటే మన పాతకాలపు ఉగ్గుగిన్నె ఉత్తమం. దాన్ని కడగడం, మరగబెట్టడం తేలిక. సీసాకు అలవాటుపడిన బిడ్డ రొమ్మును తిరస్కరించే ఇబ్బందీ ఉండదు.

మిరప చేలో తల్లి

మన ప్రాంతంలో ఎందరో తల్లులకు ఆరు నెలలు ఇంట్లో కూర్చునే వీలు లేదు. ప్రసూతి సెలవును 2017లో 26 వారాలకు పెంచారు. ఆ లాభం జీతం రాళ్ళు వచ్చే ఉద్యోగులకు దక్కింది. మిరప ఏరే కూలి తల్లికి, వేసవిలో తునికాకు కోసే తల్లికి ఆ సెలవు ఎవరిస్తారు? పనికి వెళ్ళక తప్పని తల్లి బయలుదేరే ముందు నిండుగా పాలిచ్చి, మరికొన్ని పాలు పిండి ఇంట్లో ఉంచాలి. పని చోట రెండు మూడు గంటలకు ఒకసారి చాటుకు వెళ్ళి పిండాలి. ఉంచే వీలు లేకపోయినా పిండక తప్పదు. లేకుంటే రొమ్ము గడ్డ కట్టి జ్వరం వస్తుంది, పాలూ తగ్గుతాయి. మిరప ఏరిన చేతుల ఘాటు ఒట్టి నీళ్ళతో పోదు. ముందు నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడిగాకే రొమ్మును, బిడ్డను తాకాలి.

చేను యజమానులలో మన సోదరులూ ఉన్నారు. వారికి ఒక మాట. ఆ తల్లికి నీడ, చాటు, పావుగంట ఇవ్వండి. ఆ పావుగంటకు కూలి కోయకండి. దైవప్రవక్త (స) నమాజును సుదీర్ఘంగా చేయించాలని నిలబడి కూడా, వెనుక నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే ఆ తల్లి మనసు పడే కలతను తలచి నమాజును క్లుప్తం చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. ఒక బిడ్డ ఏడుపు కోసం నమాజే కుదించబడిందంటే, మన చేను పని ఎంత? మన వంటింటి పని ఎంత? వచ్చిన చుట్టాలకు బాలింత చేత చాయ్ పెట్టించే పెద్దలు ఈ హదీసును ఒకసారి మననం చేసుకోవాలి.

ఉమర్ (రజి) విన్న ఏడుపు

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ఒక వర్తక బిడారు మదీనా వెలుపల దిగింది. ఆ రాత్రి ఆయన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)తో కలిసి స్వయంగా కాపలా కాశారు. ఒక బిడ్డ ఏడుస్తోంది. వెళ్ళి బిడ్డను ఊరుకోబెట్టమని తల్లికి చెప్పి వచ్చారు. మళ్ళీ ఏడుపు. మళ్ళీ వెళ్ళారు. తెల్లవారుజామున మూడోసారి కూడా అదే ఏడుపు. రాత్రంతా ఈ బిడ్డకు నెమ్మది లేదేమిటని అడిగారు. తన ముందున్నది ఖలీఫా అని ఆమెకు తెలియదు. పాలు మాన్పిస్తున్నానని, పాలు మానిన పిల్లలకే ఉమర్ భత్యం ఇస్తున్నాడని, అందుకే తొందరపడుతున్నానని చెప్పింది. ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఆయన ఖుర్ఆన్ పఠనం ఏడుపు వల్ల జనానికి సరిగా వినిపించలేదు. తన నిబంధన వల్ల ఎందరు పిల్లలు నష్టపోయారోనని వాపోయారు. పాలు మాన్పించడానికి తొందరపడవద్దని, ఇకపై పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఉంటుందని రాజ్యమంతటా చాటించారు.

ఈ సంఘటనలో ఆయన ఆ తల్లిని నిందించలేదు. ఆమెను ఆ స్థితికి నెట్టిన నిబంధననే మార్చారు. మన కాలంలోనూ కొన్ని మంచి ఏర్పాట్లు జరిగాయి. పాలడబ్బాల ప్రచారాన్ని నిషేధిస్తూ 1992లో చట్టం వచ్చింది. బాలింతలకు అంగన్‌వాడీలో అన్నం, గుడ్డు, పాలతో ఒక పూట పూర్తి భోజనం పెట్టే ఆరోగ్యలక్ష్మి పథకం తెలంగాణలో 2015లో మొదలైంది. అంగన్‌వాడీలో బాలింతకు దక్కవలసింది ఏదైనా ఆమె హక్కు. పరదా పేరుతోనో పరువు పేరుతోనో దాన్ని ఆమెకు అందకుండా చేయవద్దు. ఆమె వెళ్ళలేకపోతే భర్త వెళ్ళి విచారించాలి.

ఇంట్లో పత్యం సంగతి కూడా చూసుకోవాలి. నీళ్ళు తక్కువ తాగమని, పప్పు వద్దని, పండ్లు వద్దని బాలింతను ఎండగట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. పాలలో అధిక భాగం నీరే. దాహమైనంత నీళ్ళు, కడుపునిండా అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు ఆమెకు అందాలి. వెల్లుల్లి, మెంతులు ఇష్టమైతే తినవచ్చు. అయితే రొమ్మును తరచుగా ఖాళీ చేయకుండా ఏ దినుసూ పాలను పెంచదు.

వరద వచ్చిన రోజు

గోదావరి ఒడ్డున ఉన్నవారికి మరో కారణం చెప్పనక్కర్లేదు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నది 75 అడుగులు దాటింది. 2022 జూలైలో మళ్ళీ 71 అడుగులు దాటింది. దారులు తెగాయి, ఊళ్ళకు ఊళ్ళు పునరావాస శిబిరాలకు తరలాయి. అలాంటి రోజున పాలడబ్బా దొరకదు. దొరికినా కలపడానికి మంచినీళ్ళు ఉండవు. కలుషితమైన నీళ్ళతో కలిపిన పాలు విరేచనాలు తెచ్చిపెడతాయి. చుట్టూ నీళ్ళున్నా తాగే నీళ్ళు లేని ఆ వేళ బిడ్డకు శుభ్రమైన ఆహారం తల్లి దగ్గరే ఉంటుంది. శిబిరంలో ఆ తల్లికి ఒక చాటు, ఒక పూట అన్నం ముందుగా అందేలా చూడటం మన యువకుల సేవలో మొదటిది కావాలి.

తరచుగా అడిగే ధర్మసందేహాలు

పాలివ్వడం వల్ల గాని, పిండడం వల్ల గాని వుజూ భంగం కాదు. తల్లిపాలు పరిశుద్ధమైనవి, బట్టలకు అంటినా నమాజుకు అడ్డు లేదు. పాలు పిండితే ఉపవాసం పోదు. రమజాన్‌లో ఉపవాసం వల్ల తనకో బిడ్డకో హాని కలుగుతుందని భయపడే తల్లికి ఉపవాసం వాయిదా వేసుకునే సడలింపు ఉంది. తర్వాతి రోజుల్లో పూర్తి చేసుకోవచ్చు. అల్లాహ్ ఇచ్చిన సడలింపును వాడుకున్న కోడలిని తక్కువగా చూడటం ధర్మం కాదు.

ఇతర తల్లుల పాల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. రెండేళ్ళ లోపు బిడ్డ ఒక స్త్రీ పాలు తాగితే ఆమె ఆ బిడ్డకు పాలతల్లి, ఆమె పిల్లలు తోబుట్టువులు. వారి మధ్య వివాహం నిషిద్ధమని నిసా సూరా 23వ ఆయత్ చెబుతోంది. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం ఒక్కసారి తాగినా ఈ బంధం ఏర్పడుతుంది. పిండిన పాలను గిన్నెతో పట్టినా అంతే. పాలిచ్చే తల్లి ముస్లిమే కానవసరం లేదు. పక్క మంచం మీది కోయ తల్లి పాలిచ్చి మీ బిడ్డను బతికిస్తే ఆమె ఆ బిడ్డకు పాలతల్లి అవుతుంది. తన పాల అక్క షైమా వచ్చినప్పుడు దైవప్రవక్త (స) తన పై వస్త్రాన్ని పరచి కూర్చోబెట్టారు. ఆ గౌరవం ఆ కోయ తల్లి ఇంటికీ దక్కాలి. ఆమె పేరు, ఊరు రాసి భద్రపరచండి. అయితే వైద్య పరీక్షలు లేకుండా ఎవరి పాలూ పట్టకూడదు, కొన్ని వ్యాధులు పాల ద్వారా సోకుతాయి.

హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో 'ధాత్రి' తల్లిపాల బ్యాంకు ఏర్పాటైంది. పాల బ్యాంకుల్లో సాధారణంగా పలువురి పాలు కలుస్తాయి, ఇచ్చింది ఎవరో తెలియదు. అందుకే 1985లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ వీటిని వద్దన్నది. యూసుఫ్ ఖర్జావీ వంటి కొందరు పండితులు అనుమతించారు. ప్రాణాపాయంలో ఉన్న బిడ్డ విషయంలో డాక్టరును, నమ్మకమైన ఆలిమ్‌ను వెంటనే సంప్రదించండి. ఆలస్యం చేయకండి.

పాలు చాలని తల్లికి

అయిదో రోజు తర్వాత బిడ్డ రోజుకు ఆరుసార్లు, అంతకంటే ఎక్కువ మూత్రం పోస్తుంటే, రెండు వారాలకు పుట్టిన బరువును తిరిగి అందుకుంటే పాలు చాలుతున్నట్టే. ఏడుపును బట్టి లెక్కించవద్దు. అన్నీ చేసినా కొందరికి పాలు చాలవు. థైరాయిడ్ లోపం, కాన్పులో అధిక రక్తస్రావం, మావి ముక్క లోపల మిగిలిపోవడం వంటి కారణాలు ఉంటాయి. అప్పుడు వైద్యుల సలహాతో వేరే పాలు పట్టడం పాపం కాదు. మరో స్త్రీ చేత పాలిప్పించే అనుమతిని 233వ ఆయతే ఇచ్చింది. శక్తికి మించిన భారం లేదన్న మాట ఆ తల్లికీ వర్తిస్తుంది. సోదరీ! నీవు పిండిన ఒక్క చెంచా కూడా నీ ప్రభువు వద్ద వృథా కాదు.

సోదరులారా! ఈ రాత్రి మీ ఇంట్లో బిడ్డ ఏడిస్తే ముందు మీరు లేవండి. బిడ్డను అందివ్వండి, ఆమెకు ఒక గ్లాసు నీళ్ళివ్వండి, ఉగ్గుగిన్నె మీరే కడగండి. 233వ ఆయత్‌లో మీ వంతు అక్కడే మొదలవుతుంది.

ఓ అల్లాహ్! మా పసిబిడ్డలకు సమృద్ధిగా ఉపాధినివ్వు. బిడ్డకు దూరమైన తల్లుల కళ్ళను మూసా (అలై) తల్లి కళ్ళలా చల్లబరచు. వారికి తోడుగా నిలిచే మనసును మాకు ప్రసాదించు. ఆమీన్.